ఎదురు దారిలో అర కిలోమీటరు

నేను స్కూలు బస్సు నడిపిన ఏడేళ్లలో ఆరేళ్లు నన్ను అందరూ ఎద్దుల బండి అనే పిలిచారు. ఏడో ఏడు ఆ పేరు మానేశారు. ఆ ఏడే నా బస్సులో పనిచేసే మనిషి ఒకామె చేయి పోగొట్టుకుంది.

ఈ సంగతి రాయాలని చాలాసార్లు కూర్చుని లేచిపోయాను. రాస్తే నా తప్పు చిన్నగా కనపడేట్టు రాసుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం. అందుకే ఏది ముందు జరిగిందో అది ముందు, ఏది తర్వాత జరిగిందో అది తర్వాత చెబుతాను.

మాది ఆలేరు దగ్గర చేనేత కుటుంబం. నాయిన చివరిదాకా గుంట మగ్గం మీదే బతికాడు. నేనూ పెళ్లయ్యేదాకా నేశాను. తర్వాత ఆ పనితో ఇల్లు గడవక డ్రైవింగు నేర్చుకుని, కొన్నేళ్లు సిమెంటు లారీ మీద హుజూర్‌నగర్ చుట్టుపక్కల తిరిగాను. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, మా ఆవిడ పుట్టిల్లు కేతేపల్లి వైపు కాబట్టి అక్కడే కాపురం పెట్టాం. హైవే మీదున్న ఒక చిన్న టౌన్‌లో ప్రైవేటు స్కూలు బస్సుకు డ్రైవర్‌గా చేరాను. లారీతో పోలిస్తే స్వర్గం అనిపించింది. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. మధ్యలో ఇంటికొచ్చి వేడన్నం తినొచ్చు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లు బడి నుంచి వచ్చేసరికి నేనూ ఇంట్లో ఉండేవాణ్ణి.

చేరిన మొదటి రోజు బస్సులో ఒకామె కనిపించింది. పిల్లలను ఎక్కించడం, దించడం, కిటికీలోంచి చేతులు బయట పెట్టకుండా చూడడం ఆమె పని. పిల్లలు ఆయమ్మ అనేవారు. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. నేను అక్కా అన్నాను, ఆమె తమ్మీ అంది. వాళ్లది వ్యవసాయ కుటుంబం. చెరువు కింద ఉన్న రెండెకరాలు భర్త చూసుకునేవాడు, ఆమె స్కూలు లేని రోజుల్లో కలుపుకు, నాటుకు పోయేది. నేను తాళం తిప్పబోతుంటే నా సీటు వెనక వచ్చి నిలబడింది.

"తమ్మీ, లారీ నడిపినవంట గదా. సిమెంటు బస్త కింద వడితె ఎవ్వలు ఏడ్వరు. ఈళ్లు గట్ల గాదు. పొద్దుగాల ఎవల చేతులకెంచి తీస్కున్నమో, పొద్దుమీకి వాళ్ల చేతుల్లనే పెట్టాలె. జర పైలం."

ఆ మాట నాకు నచ్చింది. ఊళ్ల రోడ్ల మీద స్పీడు ముల్లు నలభై దాటనిచ్చేవాణ్ణి కాదు. మా వైపు కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు. మిగిలిన సగంలోనే ఎదురొచ్చే బర్రెలు, ట్రాక్టర్లు, ఫోనులో మాట్లాడుకుంటూ వచ్చే బైకులు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేవాణ్ణి. వెనక నుంచి ఆటోలు హారను కొట్టి కొట్టి దాటిపోతుంటే పిల్లలు "కొట్టు అంకుల్, ఓవర్‌టేక్ కొట్టు" అని అరిచేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. వాళ్ల నాయినలు కూడా అదే మాట వేరేగా అనేవాళ్లు. ఎద్దుల బండి అన్న పేరు పెట్టింది పిల్లలు కాదు, పెద్దవాళ్లే.

మా రూటులో చివరి ఊరు హైవేను ఆనుకుని ఉంటుంది. ఇదివరకు ఆ ఊరి దారికి ఎదురుగానే డివైడర్‌లో సందు ఉండేది. అక్కడ గుద్దుకోవడాలు ఎక్కువై దాన్ని మూసేశారు. స్కూలు ఆ ఊరికి కుడివైపు. రూలు ప్రకారమైతే ఊరి దారి నుంచి హైవే ఎక్కి ఎడమకు తిరగాలి, రెండు కిలోమీటర్లకు పైగా పోయి, అక్కడ బండి మళ్లించుకుని, అంత దూరమూ వెనక్కి రావాలి. రూలు పట్టించుకోకపోతే కుడికి తిరిగి, ఎదురుగా దూసుకొచ్చే బండ్ల మొహానే రోడ్డు అంచు పట్టుకుని అర కిలోమీటరు పోతే చాలు, పెట్రోలు బంకు దగ్గర మరో సందు ఉంది. ఊళ్లో ఉన్న బైకులూ ఆటోలూ ట్రాక్టర్లూ అన్నీ ఆ అర కిలోమీటరే పోయేవి. చుట్టు తిరిగేది ఒక్క నా బస్సే. దానికి ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టేది.

కరోనా వచ్చి బళ్లు మూసినప్పుడు ఆలేరు పోయి మా అన్న ఇంట్లో మగ్గం మీద కూర్చున్నాను. మళ్లీ బడి తెరిచారని ఫోన్ వచ్చి తిరిగొచ్చేసరికి స్కూల్లో ఉన్న రెండు బస్సుల్లో ఒకటి లేదు, అమ్మేశారు. రెండు రూట్లూ నాకే కలిపారు. నాలుగు ఊళ్లు కాస్తా ఏడు ఊళ్లు అయ్యాయి. బడి గంట మాత్రం మారలేదు. ఎనిమిది నలభైకి బస్సు గేట్లో ఉండాలి, ముప్పావుకు ప్రార్థన.

నేను అరగంట ముందు బయల్దేరతానన్నాను. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అంత పొద్దున పిల్లలు లేవరు, టిఫిన్లు కావు. స్కూలు నడిపే పెద్దమనిషిని మేం కరస్పాండెంట్ సారు అనేవాళ్లం. ఆయన గదిలోకి పోయి అన్నీ చెప్పాను. ఊళ్లు పెరిగాయి, చుట్టు తిరిగే దూరం ఉంది, బడి గంట పది నిమిషాలైనా వెనక్కి జరపమన్నాను. ఆయన ఫోను చూసుకుంటూ విన్నాడు.

"ఎట్ల తెస్తవో గది నాకు తెల్వది. ఎనిమిది నలభైకి బస్సు గేట్ల ఉండాలె. కాదంటె చెప్పు, వేరెటోన్ని చూస్కుంట."

ఆలస్యంగా వచ్చిన పిల్లలను ప్రార్థన అయ్యేదాకా గేటు బయట నిలబెట్టేవారు. ఆలస్యం బస్సుదని అందరికీ తెలుసు. అయినా నిలబడేది పిల్లలే. బస్సు దిగి, సంచులు వీపున వేసుకుని, వరసగా గోడ పక్కన ఎండలో నిలబడేవాళ్లు. చిన్నవాళ్లయితే నన్నే చూసేవాళ్లు. నేను బస్సు నీడలో ఉండేవాణ్ణి.

చివరి ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. ఆయన బిడ్డ మూడో తరగతి. ఒక రోజు పొద్దున బస్సుకు అడ్డంగా బైకు పెట్టాడు.

"ఏం డ్రైవర్ సాబ్, నా బిడ్డ దినాం బయట నిలవడుతాంది. నేను గీ బండి మీద ఇడ్సిపెడ్తె ఐదు నిమిషాల్ల పోత. నువ్వేంది, తీర్థం పోయినట్టు గా కొస దాక పొయ్యి మల్లొస్తవ్?"

"రాంగు రూటు అన్నా. పెద్ద బండి. పిల్లలున్నరు."

"ఊరు ఊరంత గట్లనే పోతాంది. అందరు సచ్చిండ్రా? నడుపొస్తె నడుపు, లేకపోతె మగ్గం కాడ కూసో."

బస్సులో పిల్లలు నవ్వారు. ఆయన బిడ్డ నవ్వలేదు, తల వంచుకుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కూడా ఇవే మాటలు. కరస్పాండెంట్ సారు వాటిని నాకు పంపేవాడు, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా.

దసరా సెలవుల తర్వాత వరసగా మూడు రోజులు ఆలస్యమైంది. నాలుగో రోజు పొద్దున చివరి ఊళ్లో పిల్లలను ఎక్కించుకుని హైవే అంచుకు వచ్చాను. ఎడమకు తిప్పాల్సిన స్టీరింగు కుడికి తిప్పాను. అప్పటికప్పుడు అనుకుని చేసినట్టు కాదు, ముందు నుంచీ మనసులో పెట్టుకుని చేసినట్టూ కాదు. చేతులే తిప్పాయి అని రాయడం తేలిక. చేతులు నావే. గోడ పక్కన నిలబడ్డ పిల్లలు, బైకు అడ్డం పెట్టిన రైతు మాట, గ్రూపులో మెసేజులు, అన్నీ కలిసి నన్ను తోశాయని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అందులో ఎవరూ నా స్టీరింగు పట్టుకోలేదు.

ఎదురుగా ఒక లారీ లైట్లు వేసి, తిట్టుకుంటూ పక్కకు తీసుకుని పోయింది. ఒక కారు. రెండు బైకులు. ఒక నిమిషంలో బంకు దగ్గరికి చేరి సందు దాటాం. ఎనిమిది నలభై కాకముందే గేట్లో ఉన్నాను. వాచ్‌మన్ టైము చూసుకుని సెల్యూట్ కొట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలి, నాకు సంబరంగా ఉండింది. ఆరేళ్లుగా అందరి చేతా మాటలు పడిన మనిషికి ఒక పొద్దున ఎవరూ ఏమీ అనకపోతే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఆయమ్మ మాత్రం స్కూల్లో పిల్లలంతా దిగాక నా దగ్గరికి వచ్చింది.

"ఏంది తమ్మీ, గిట్ల తిప్పినవ్?"

"పిల్లలు ఎండల నిలవడ్తున్నరు గదక్కా."

"ఎండల నిలవడితె నల్లగైతరు. గంతే గదా."

మర్నాడూ కుడికే తిప్పాను. ఆమె మళ్లీ అడగలేదు. మూడో రోజు బస్సు హైవే ఎక్కుతుండగా ఆమె లేచి వచ్చి డోరు తెరిచింది. మెట్టు మీద నిలబడి, కుడిచేత్తో లోపలి కడ్డీ పట్టుకుని, ఎడమచేత్తో ఒక ఎర్ర గుడ్డ బయటికి ఊపసాగింది. ఎదురొచ్చే బండ్లు మా బస్సును ఎడమవైపు నుంచి, అంటే డోరు వైపు నుంచే దాటాలి. ఆమె ఊపుతుంటే వాళ్లు ముందే చూసి నడిమికి జరుగుతున్నారు.

"నువ్వెట్లయిన పోతనె ఉన్నవ్. చూస్తు కూసోమంటవా?" అంది, బంకు దాటాక డోరు మూస్తూ.

నాకు ధైర్యం వచ్చింది. ఆమె వద్దన్న పని కాస్తా ఇద్దరం కలిసి చేసే పని అయింది. ఆ గుడ్డ ఉన్నంతసేపు ఏమీ కాదనుకున్నాను. ఒక వారం ఆమెకు మోకాలు నొప్పి పట్టి ముందు సీట్లో కూర్చుండిపోతే, హైవే ఎక్కగానే నేనే పిలిచాను, "అక్కా, జర డోర్ల నిలవడు" అని. ఆ తర్వాత రోజూ పిలవడం అలవాటైపోయింది.

అలా దగ్గర దగ్గర రెండు నెలలు గడిచాయి. ఎద్దుల బండి అనే పేరు ఆగిపోయింది. బైకు అడ్డం పెట్టిన రైతు దారిలో కనిపిస్తే చెయ్యెత్తేవాడు. కలిసొచ్చిన ఆ ఎనిమిది నిమిషాలతో నేనేం చేశానో కూడా చెప్పాలి. స్కూలు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగాను. వేరే బండ్ల డ్రైవర్లతో కూర్చుని పత్తి గురించి, ఎలక్షన్ల గురించి మాట్లాడుకున్నాను. ఆ నిమిషాలు అంతకంటే దేనికీ ఖర్చు కాలేదు.

చలికాలంలో మా వైపు చెరువుల మీద నుంచి పొగమంచు లేచి హైవే మీద పరుచుకుంటుంది. ఆ రోజు మంచు మామూలుగా లేదు. ఊళ్లలో పిల్లలు ఇళ్లలోంచి ఆలస్యంగా వచ్చారు, ఒక్కో చోటా ఆగి ఆగి ఎక్కించుకున్నాం. చివరి ఊరు దాటి హైవే అంచుకు వచ్చేసరికి ఎదురుగా ఉన్న డివైడర్ కూడా లీలగా కనపడుతోంది. ఆమె ముందు సీట్లో ఉంది. జలుబు చేసిన ఎల్కేజీ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కొంగుతో ముక్కు తుడుస్తోంది.

"ఇయ్యాల సుట్టు తిరిగి పోదాం తమ్మీ. ఏం కనవడ్తలేదు."

నేను గడియారం చూశాను. ఎనిమిదిన్నర దాటింది.

"ఇప్పటికే లేటైందక్కా. అర కిలోమీటరే గదా. నువ్వు జర డోర్ల నిలవడు."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. పిల్లను పక్క సీట్లో కూర్చోబెట్టి లేచింది. డోరు తెరుచుకున్న చప్పుడు, చలిగాలి లోపలికి రావడం నాకు గుర్తున్నాయి. లైట్లు వేసి, హారను కొట్టుకుంటూ మెల్లగానే పోతున్నాను. మెల్లగా పోతే తప్పు తప్పు కాకుండా పోతుందన్నట్టు.

సగం దూరం పోయాక మంచులోంచి ఒక ట్రాలీ ఆటో వచ్చింది. దానిలో పందిరికి కట్టే వెదురు బొంగులు ఉన్నాయి, రెండు వైపులా బయటికి పొడుచుకుని. నన్ను చూసి డ్రైవర్ బ్రేకు కొట్టాడు. తడి రోడ్డు మీద ఆటో జారి అడ్డం తిరిగింది. నేను కుడివైపు చేనులోకి తిప్పేశాను. బస్సు మొహం తప్పింది. డోరు తప్పలేదు. బొంగులన్నీ డోరు మీద పడ్డాయి.

శబ్దం కంటే ముందు పిల్లల కేకలు వినిపించాయి. బస్సు ఆగింది. కిందకి దూకి ఆ వైపు పోయాను. ఆమె కింద పడి ఉంది. ఎడమచేయి మోచేతి కింద నుంచి ఆకారం లేకుండా అయింది. తెలివిలోనే ఉంది.

"పిల్లలు?" అంది.

"ఎవ్వలకు ఏం గాలేదక్కా."

"లెక్క పెట్టు."

బస్సెక్కి లెక్కపెట్టాను. లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. అద్దం పగిలి ఇద్దరికి గీరుకుపోయింది, అంతే. ట్రాలీ నడిపే ఆయన నుదురు పగిలింది. వచ్చిపోయే కార్లు ఆగాయి. ఒకాయన తన కారులో ఆమెను ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. నేను పిల్లల దగ్గర ఉండిపోయాను. ఊళ్లోంచి తల్లిదండ్రులు పరిగెత్తుకొచ్చి ఎవరి పిల్లలను వాళ్లు తీసుకుపోయారు. బైకు రైతు కూడా వచ్చాడు. బిడ్డను ఎత్తుకుని, నా చొక్కా పట్టుకుని రెండు దెబ్బలు వేశాడు.

"రాంగు రూట్ల ఎవడు రమ్మన్నడ్ర నిన్ను?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నాటకం ఆడడం లేదు. బైకు అడ్డం పెట్టి తానేమన్నాడో నిజంగానే మర్చిపోయాడు.

నల్లగొండ దవాఖానలో ఆమె చేయి మోచేతి కింద నుంచి తీసేశారు. రెండో రోజు పోలీసాయన వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చాడు. నన్ను కూడా వెంట తెచ్చారు, వార్డు తలుపు దగ్గర నిలబెట్టారు. ఆమె భర్త మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు.

"డోర్ల నిలవడుమని డ్రైవర్ చెప్పిండా?" అని అడిగాడు పోలీసాయన.

ఆమె తలుపు వైపు చూడలేదు.

"లేదు సారూ. ఆయిన వద్దనే అన్నడు. నేనే నిలవడ్డ."

పోలీసాయన రాసుకున్నాడు. కాగితం మీద ఆమె కుడిచేతి వేలుముద్ర తీసుకున్నాడు. ఆమె సంతకం చేయగలదు, మా బస్సు హాజరు పుస్తకంలో రోజూ చేసేది. కానీ అప్పుడు ఎవరూ అడగలేదు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. ఒక్క అడుగు లోపలికి వేసి, కాదు సారూ, నేనే నిలబడమన్నాను అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను వేయలేదు. గొంతు పట్టుకుపోయిందనీ, మాట రాలేదనీ ఇన్నాళ్లూ అనుకున్నాను. మాట వచ్చింది. నేనే మింగాను.

స్టేషన్లో కరస్పాండెంట్ సారు తెల్లచొక్కాలో వచ్చి కూర్చున్నాడు. "మేం రాంగు రూట్ల రమ్మని ఎన్నడు చెప్పలే సార్. టైముకు రమ్మన్నం. ఏ స్కూలైన గదే చెప్తది" అన్నాడు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. టైము వాళ్లు చెప్పారు, దారి నన్ను వెతుక్కోమన్నారు. నేను వెతుక్కున్నాను.

కేసులో తప్పు ఒప్పుకోమని వకీలు చెప్పాడు. గాయపడిన మనిషే నిన్ను తప్పు పట్టలేదు కాబట్టి జైలు దాకా పోదన్నాడు. అలాగే అయింది. జుర్మానా వేశారు, లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు. ఉద్యోగం ప్రమాదం జరిగిన రోజే పోయింది. మా ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నేను పళ్లెంలో పెట్టిన ముక్క తిన్నాను కూడా.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆమె పరిహారం కోసం వేసిన కేసు ఒకటి నడుస్తూ ఉండింది. దానిలో బీమా వాళ్లూ స్కూలు వాళ్లూ ఆమె చెప్పిన మాటనే తెచ్చి ముందు పెట్టారు. డ్రైవర్ వద్దన్నా వినకుండా తనంతట తాను డోరులో నిలబడింది, కాబట్టి సగం తప్పు ఆమెదే అన్నారు. ఈ సంగతి ఆమె భర్త బజారులో ఎవరికో చెబితే నా దాకా వచ్చింది. నన్ను సాక్షిగా ఎవరూ పిలవలేదు. నా అంతట నేను పోలేదు. మళ్లీ కేసు తిరగదోడుతారేమో, ఆడపిల్లలు ఉన్నారు, అని రోజూ ఒక కారణం దొరికేది. సంవత్సరం పైన గడిచింది. ఆమెకు రావలసిన దానిలో సగం కోసేసి తీర్పు ఇచ్చారు.

ఆ తీర్పు విన్న వారానికి వాళ్ల ఊరు పోయాను. అంతకు ముందు రెండుసార్లు ఊరి దాకా పోయి తిరిగొచ్చాను. మధ్యాహ్నం వేళ ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కాయను కాలివేళ్ల మధ్య పట్టుకుని, కుడిచేత్తో ఈనె తీస్తోంది. నన్ను చూసి ఆపలేదు.

"కూసో" అంది.

కూర్చున్నాను. ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. చలికి లేని వేళ్లు నొప్పి పెడతాయంది, ఎవరో చెప్పిన మాట చెబుతున్నట్టు. నేనే మొదలుపెట్టాను.

"అక్కా, ఆ రోజు దవాఖానల నువ్వు గట్ల ఎందుకు చెప్పినవ్?"

ఆమె కాయ కింద పెట్టింది.

"నీకిద్దరు ఆడివిల్లలు. లోపట ఏస్తరేమో అని భయమైంది, చెప్పిన. గది ఆ ఒక్క దినం ముచ్చట. తర్వాత నువ్వే పొయ్యి, కాదు సారూ, నేనే నిలవడుమన్న అని చెప్తవనుకున్న. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూసిన. కోర్టుల నన్ను నిలవెట్టి, డ్రైవర్ వద్దన్న ఇనలేదా అంటె, గప్పుడు గూడ ఎన్కకు తిరిగి చూసిన, వచ్చినవేమో అని."

నాకు మాట రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు.

"చెయ్యి నాది పోయింది. నోరు నీకున్నది గదా" అంది. గొంతు పెంచలేదు. మళ్లీ కాయ అందుకుంది. నేనున్నంతసేపు ఆమె నన్ను ఒక్కసారి కూడా తమ్మీ అనలేదు.

ఆమె తిడితే కాళ్లు పట్టుకుందామనుకుని పోయాను. ఏడిస్తే ఏడుద్దామనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. భర్త పొలం నుంచి వచ్చి నన్ను చూసి, లోపలికి పోయి కాళ్లు కడుక్కుని, మళ్లీ బయటికి రాలేదు. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు ఆమె తరఫు వకీలు దగ్గరికి పోయాను. జరిగిందంతా చెప్పాను. రాసి సంతకం కూడా చేసిస్తానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"యాడాది కింద ఒచ్చుంటె పనికొస్తుండె. పైకోర్టుకు పోతె పోవచ్చు, ఏండ్లకేండ్లు పడ్తది. వాళ్లు పోము అంటున్నరు, ఇక తిరగలేమని. ఇప్పుడు నువ్వు రాసిచ్చి ఏం జేస్తవ్? నీ మనసు నిమ్మలం గావాల్నా?"

అయినా రాసిచ్చాను. ఆయన కాగితం తీసుకుని ఒక ఫైలులో పెట్టాడు. అది ఇప్పటికీ ఆ ఫైలులోనే ఉండి ఉంటుంది.

లైసెన్సు తిరిగి ఇచ్చారు. నేను మళ్లీ బండి ఎక్కలేదు. వారంలో ఐదు రోజులు ఆలేరులో మా అన్న దగ్గర మగ్గం నేస్తాను, శని, ఆదివారాలు ఇంటికి వస్తాను. స్కూలు వాళ్లు కొత్త డ్రైవర్‌ను పెట్టారు. ఒక నెల రోజులు బస్సు చుట్టు తిరిగి పోయిందట. ఆ తర్వాత ఏ దారిన పోతోందో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గంట మాత్రం ఎనిమిది ముప్పావుకే కొడుతున్నారు. మా వీధిలోకి వినిపిస్తుంది.

మొన్నటి శనివారం పొద్దున ఆ పాత రూటులోని చివరి ఊళ్లో పని చూసుకుని, టౌన్‌కు తిరిగి రావడానికి అక్కడే షేరు ఆటో ఎక్కాను. అంచు సీట్లో ఆమె ఉంది. దవాఖానకు పోతోంది, చేతిలో చీటీ ఉంది. నన్ను చూసి కాస్త జరిగి జాగా ఇచ్చింది. ఆటో హైవే ఎక్కి కుడికి తిరిగింది.

"అన్నా, సుట్టు తిప్పరాదె" అన్నాను డ్రైవర్‌తో.

"గంత దూరం తిప్పితె డీజిలెవ్వడు పోస్తడు? నీ అసొంటోడు నడుచుకుంట పోవాలె" అన్నాడు. ఆటోలో ఉన్నవాళ్లు నవ్వారు. ఒక ముసలామె, "ఏం గాదు బిడ్డా, కూసో, దినాం పోయేదే" అంది.

నేను ఆపమని దిగిపోయాను. ఆమె దిగలేదు. దిగితే దవాఖానలో ఆమె నంబరు దాటిపోతుంది. కుడిచేత్తో పైకడ్డీ గట్టిగా పట్టుకుంది. ఎదురుగా లారీలు వస్తున్నాయి. ఆటో బంకు దగ్గర సందు దాటి అవతలి రోడ్డు ఎక్కేదాకా నేను అంచున నిలబడి చూశాను.